స్టాక్ లేని బోర్డుకి మూడింతల ధర: కొనాలా, ఆగాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: 45 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డు) ఎక్కడా స్టాక్ లేదు, రీసెల్లర్ (కొని తిరిగి అమ్మేవాడు) 140 అంటున్నాడు. ఇది దోపిడీయా? సరుకు తగ్గితే ధర పెరగడం మామూలేనా? కొనేయాలా, ఆగాలా?

ధర ఎన్ని రెట్లయింది అన్నది కాసేపు పక్కన పెట్టండి. అమ్మేవాడు సరుకు ఉన్నచోటి నుంచి లేనిచోటికి తెచ్చాడా, లేక మీరు నిలబడ్డ క్యూలోంచే నాలుగు ఎత్తుకుని, వెనక్కి తిరిగి మీకే అమ్ముతున్నాడా? మొదటిది వ్యాపారం. రెండోదాన్ని నేను దోపిడీ అనే అంటాను, రేటు రెండింతలే అయినా సరే.

ధర పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది, దాంతో ధర దిగుతుంది అని పాఠంలో చెప్తారు. వచ్చే వారం ఇంకో బ్యాచ్ తయారు చేయగలిగే వస్తువుకి అది నిజమే. చిప్పు అలాంటిది కాదు. వేఫర్ (చిప్పులు చెక్కే సిలికాన్ బిళ్ల) ఫ్యాబ్‌లోకి, అంటే చిప్పుల ఫ్యాక్టరీలోకి, వెళ్లి బయటికి రావడానికే నెలలు పడుతుంది, కొత్త లైన్ కట్టడానికి ఏళ్లు. 2021 నుంచి 2023 దాకా రాస్ప్‌బెర్రీ పై దొరక్కపోవడానికి కారణం ఇదే. రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్‌లో ఉన్న బీసీఎం2711 చిప్పు 28 నానోమీటర్లది (చిప్పు తయారీ ఎంత సూక్ష్మమో చెప్పే కొలత, అంకె పెద్దదైతే పాత పద్ధతి). పాత మోడళ్లవి 40 నానోమీటర్లవి, వాటికి కొరత ఇంకా ఎక్కువ. ఇంకెన్నో పరిశ్రమలు ఆ పాత లైన్ల కోసమే పోటీ పడ్డాయి. అలాంటప్పుడు రీసెల్లర్‌కి మీరు అదనంగా ఇచ్చే 95 డాలర్లతో లోకంలో ఒక్క బోర్డు కూడా ఎక్కువ తయారు కాదు. ఆ డబ్బు ఫ్యాక్టరీ గేటు దాకా పోనే పోదు.

అదే సమయంలో రాస్ప్‌బెర్రీ పై కంపెనీ కూడా ధర పెంచింది. 2021 అక్టోబరులో 2 జీబీ పై 4ని 35 నుంచి 45 డాలర్లు చేసింది, అంటే 2019లో విడుదలైనప్పటి రేటుకే తీసుకెళ్లింది. 35 డాలర్లే పెట్టగలవాళ్ల కోసం, ఆపేసిన 1 జీబీ మోడల్‌ని మళ్లీ తెచ్చింది. విడిభాగాల ఖర్చు పెరిగినప్పుడు తయారీదారు వేసే ఆ పది డాలర్లనీ, రీసెల్లర్ వేసే 95నీ ఒకే గాటన కట్టకూడదు.

ఇక ధర కట్టేసి ఉంచితే అంతా న్యాయంగా జరుగుతుందా అంటే, అదీ లేదు. అధీకృత అమ్మకందారులు అసలు రేటుకే, మనిషికి ఒకటి చొప్పున అమ్మారు. 45కీ 140కీ మధ్య ఉన్న తేడా మాత్రం ఎక్కడికీ పోలేదు. బాట్ (స్టాక్ పడగానే తనంతట తానే కొనేసే ప్రోగ్రాం) నడిపేవాడికి అదే కూలి. స్టాక్ పడిన నిమిషంలో సరుకు ఖాళీ. అందుకే అడాఫ్రూట్ లాంటి దుకాణాలు రెండంచెల లాగిన్ ఉన్న ఖాతాలకే అప్పట్లో పై బోర్డులు అమ్మేవి. ఒకే చిరునామాకి పది ఖాతాలు తెరిచేవాణ్ని ఆపడం కష్టమే కానీ, ప్రతి ఖాతాకీ కొంత పని పెడితే వాడి లాభం తరుగుతుంది. పైగా ఉన్న బోర్డుల్లో ముందు వాటా పరిశ్రమలకి వెళ్లింది, వాళ్ల ఉత్పత్తి ఆగితే ఉద్యోగాలు పోతాయని. అభిరుచి కోసం కొనేవాళ్లకి కోపం వచ్చింది, రావడం సహజమే. 2022 డిసెంబరులో లక్ష బోర్డులు చిల్లర కొనుగోలుదారుల కోసం విడిగా పెట్టారు, 2023లో మెల్లగా పరిస్థితి చక్కబడింది.

కొరత పెరగడంలో మన పాత్ర కూడా ఉంది. వెయ్యి మందికి ఏడాదికి ఒక్కో బోర్డు కావాలి అనుకుందాం. "మళ్లీ దొరుకుతుందో లేదో" అని అందరూ రెండేసి కొంటే, అవసరం పెరగకుండానే డిమాండ్ రెట్టింపు. ఐదు దుకాణాల్లో ముందస్తు ఆర్డర్ పెట్టి, ఒకటి రాగానే నాలుగు రద్దు చేసేవాళ్లతో ఇంకా చిక్కు: పంపిణీదారు కంటికి ఒక మనిషి ఐదుగురిలా కనిపిస్తాడు, వెయిటింగ్ తేదీ ఇంకా వెనక్కి జరుగుతుంది, ఆ తేదీ చూసి ఇంకొందరు హడలిపోయి ఆర్డర్ పెడతారు.

సరే, మీరేం చేయాలి.

ముందు కొరత ఎటు నుంచి వచ్చిందో చూడండి. సరఫరా తెగితే ఏడాది పైనే పట్టొచ్చు. డిమాండ్ ఉబ్బితే ఎప్పుడైనా ఒక్కసారిగా దిగుతుంది: గ్రాఫిక్స్ కార్డులకి గిరాకీ పెంచిన ఇథీరియం మైనింగ్ (ఆ కార్డులతో క్రిప్టో కరెన్సీ సంపాదించే పని) 2022 సెప్టెంబరు 15న ఆగిపోయింది, వాడిన కార్డులు మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. అలాంటి కొరతలో మూడింతలు పెట్టడం అనవసరం.

తర్వాత, పెట్టిన రేటు కాదు, అమ్ముడైన రేటు చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. 140కి లిస్టింగులు నలభై కనిపించి, అమ్ముడైనవి 95 దగ్గర ఉంటే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోయినట్టే. అధీకృత దుకాణంలో స్టాక్ ఎంతసేపు నిలుస్తోందో కూడా గమనించండి. నిమిషాల్లో అయిపోయేది గంటలు నిలిస్తే రీసెల్లర్లు రేటు దించడం మొదలుపెడతారు, పూట నిలిస్తే వదిలించుకోవడానికి చూస్తారు.

కిట్‌లతో జాగ్రత్త. ఒక్క బోర్డు రేటు పెంచితే అందరికీ కనిపిస్తుంది కాబట్టి కేసు, అడాప్టర్, మెమరీ కార్డు కలిపి కట్టేస్తారు. ఒక్కోదాని విడి ధర తీసేసి మిగిలినదే బోర్డు రేటు అనుకోండి. అధికారిక అడాప్టర్ 8 డాలర్లు, కేసు 5.

అసలు ఆ బోర్డే కావాలా అన్నది చాలామంది వేసుకోని ప్రశ్న. సెన్సార్ చదవడం, రిలే వేయడం, దీపాలు వెలిగించడం వరకే అయితే రాస్ప్‌బెర్రీ పై వాళ్లదే 4 డాలర్ల పికో అనే చిన్న బోర్డు చాలు. పై కరువు రోజుల్లోనూ అది దొరికింది. వైఫై కావాలంటే ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు. ఇంట్లో ఫైల్ సర్వర్‌కైతే వాడిన మినీ పీసీ మేలు, కాకపోతే కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది. కీబోర్డులో ఇమిడిన పై 400 కూడా అప్పట్లో కాస్త తేలిగ్గానే దొరికేది. 40 పిన్నులూ ఉన్నాయి కానీ కెమెరా కనెక్టర్ లేదు. కెమెరా ప్రాజెక్టుకి కొని నాలుక కరుచుకోకండి.

ఉన్న పరికరం చచ్చిపోయి పని ఆగిపోతే రీసెల్లర్ దగ్గర కొనడంలో తప్పేమీ లేదు. రోజు ఆలస్యానికి మీకయ్యే నష్టం ఎంతో లెక్కేసుకుని, అంతవరకే పెట్టండి.

వాడిన పై 4 కొంటే రివిజన్ కోడ్ (బోర్డు ఏ రకమో చెప్పే కోడ్) ఫోటో అడగండి. మొదటి అక్షరం 'ఏ' అయితే 1 జీబీ, 'బీ' అయితే 2, 'సీ' 4, 'డీ' 8. కరువులో 2 జీబీని 4 అని అంటగట్టడం పరిపాటి. తొలి బ్యాచ్ బోర్డుల్లో యూఎస్‌బీ-సీ దగ్గర ఒక రెసిస్టర్ తక్కువ, అందుకే లోపల చిప్పు ఉండే ల్యాప్‌టాప్ కేబుళ్లతో అవి అసలు వెలగవు. అలాంటి బోర్డుని "పనిచేయడం లేదు" అని సగం రేటుకి అమ్మేవాళ్లూ ఉంటారు. మామూలు కేబుల్ పెట్టి చూశారా అని ఒక్క మాట అడగండి.