జీవన్మృతుడా, మృతుడా?

సందేహం: మా ఊరి దగ్గర హైవే మీద బైక్ ప్రమాదంలో గాయపడిన కుర్రాడికి బ్రెయిన్ డెడ్ అయింది. మర్నాడు పేపర్లో ఒకచోట ‘జీవన్మృతుడు’ అని, ఇంకోచోట ‘మృతుడు’ అని రాశారు. ఏది సరైంది? అట్లాగే ‘గర్భస్థ శిశువు హత్య’ అనే మాట తప్పని మా లాయరు మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

సమాధానం: ‘మృతుడు’ సరైన మాట. ‘జీవన్మృతుడు’ మంచి సమాసమే, కానీ ఇక్కడ దాని అర్థం తలకిందులవుతుంది.

జీవత్, మృత అనే రెండు మాటలు కలిస్తే ‘త్’ కాస్తా ‘న్’ అయి జీవన్మృత అవుతుంది. జీవన్ముక్తుడు కూడా ఇట్లా పుట్టిన మాటే. బతికుండగానే ముక్తి పొందినవాడు జీవన్ముక్తుడు. బతికుండీ చచ్చినవాడితో సమానమైనవాడు జీవన్మృతుడు. పాత నీతిశాస్త్రాలు దరిద్రుణ్ని, రోగిని ఈ లెక్కలోనే వేశాయి. అంటే ఆ మాటలో మనిషి బతికే ఉన్నాడు, చావు ఒట్టి పోలిక. జీవచ్ఛవం సంగతీ అంతే. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి విషయం దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ చావే నిజం. వెంటిలేటర్ ఊపిరి అందిస్తుంటే గుండె కొంతసేపు కొట్టుకుంటుంది, అందుకని బతికున్నట్టు కనిపిస్తుంది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, సందర్భాన్ని బట్టి వేరే అర్థం వస్తే తప్ప ‘మరణం’ అంటే మనిషి మరణం అని చెప్పి ఊరుకుంది. దానికి ముందున్న 1860 నాటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) కూడా దాదాపు ఇదే మాట అన్నది. మరణం ఏ క్షణాన వచ్చినట్టో ఆ రెండింటిలోనూ లేదు. ఆ వివరం 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో దొరుకుతుంది. గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల గానీ, మెదడు కాండం (బ్రెయిన్ స్టెమ్) చచ్చిపోవడం వల్ల గానీ, అంటే బ్రెయిన్ డెడ్ కావడం వల్ల గానీ, జీవ లక్షణాలన్నీ శాశ్వతంగా పోతే ఆ మనిషి మృతుడే. డాక్టర్ల బోర్డు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తుంది.

ఇది ఒట్టి వ్యాకరణం గొడవ కాదు. కొన్నేళ్ల కింద ఒక ఆస్పత్రి ఐసీయూ బయట మా వీధి ఆమె ఒకరు నా చెయ్యి పట్టుకుని, “సారూ, పేపర్ల జీవన్మృతుడని రాసిండ్రు. జీవం ఉన్నదనే గదా? ఇప్పుడే పట్టి చూసిన, చెయ్యి వెచ్చగనే ఉన్నది” అన్నది. డాక్టర్లు రెండు రోజులుగా నచ్చజెప్పిన మాటను ఆ ఒక్క సమాసం చెరిపేసింది. తెలుగు పాఠం చెప్పుకుని బతికిన నాకు ఆ పూట నోరు పెగల్లేదు. అందుకే విలేకరులను బతిమాలుతున్నా: ‘బ్రెయిన్ డెడ్ అయి మరణించాడు’ అని రాయండి. ఇంగ్లిష్ మాట ఉన్నా ఫర్వాలేదు, అందరికీ అర్థమవుతుంది. ఇక కోమాలో ఉన్న మనిషి బతికే ఉన్నాడు కాబట్టి ఆయన్ను మృతుడనీ అనొద్దు, జీవన్మృతుడనీ అనొద్దు.

ఇక రెండో సందేహం. మీ లాయరు మిత్రుడి మాట నిజమే. తల్లి కడుపులో ఉన్న బిడ్డ చావుకు కారణం కావడం నరహత్య కాదని న్యాయ సంహిత 100వ సెక్షన్ మూడో వివరణలో స్పష్టంగా ఉంది. నేరం కాదని మాత్రం కాదు. గర్భస్రావం చేయించడం లాంటి నేరాలకు 88 నుంచి 92 దాకా వేరే సెక్షన్లున్నాయి. గర్భస్రావం సెక్షన్లోనే కడుపులో బిడ్డ కదలిక మొదలైతే శిక్ష పెరుగుతుంది. ‘శిశువు’ అనే మాటకు ఇబ్బంది లేదు, చట్టం కూడా కడుపులోని ‘బిడ్డ’ అనే అంటుంది. చిక్కు ‘హత్య’తోనే. ‘గర్భస్థ శిశువు మృతికి కారకుడు’ అంటే సరిపోతుంది. భ్రూణహత్య అనే మాట ప్రచారంలో, ఉపన్యాసంలో నిలిచిపోయింది, అక్కడ ఉండనివ్వండి. కేసు వార్తలో వద్దు.

అదే వివరణలో ఇంకో మాట ఉంది. ప్రాణంతో ఉన్న బిడ్డ శరీరంలో ఏ భాగమైనా బయటికొచ్చాక చంపితే, ఆ బిడ్డ ఇంకా ఊపిరి తీయకపోయినా, కాన్పు పూర్తి కాకపోయినా, అది నరహత్య కావచ్చు. మనం ‘బిడ్డ భూమ్మీద పడ్డది’ అంటాం. చట్టం అంతదాకా ఆగదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మన పల్లెల్లో ‘సచ్చి పుట్టింది’, ‘పుట్టి సచ్చింది’ అని రెండు మాటలున్నాయి. ‘సచ్చి’, ‘పుట్టి’ రెండూ క్త్వార్థకాలు, ముందు జరిగిన పనిని చెప్తాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రాణంతో పుట్టాక ఆ ప్రాణం పోతేనే మరణం. కాబట్టి సచ్చి పుట్టిన బిడ్డను మృతశిశు జననంగా రాసుకుంటారు. పుట్టి సచ్చిన బిడ్డకు పుట్టుక ఒకటి, చావు ఒకటి, రెండూ నమోదవుతాయి. ఆ రెంటినీ ‘మృత శిశువు’ అని ఒకే మాటలో చుట్టేయకండి. ఆ ఇంటి ఆడవాళ్లు ఏ క్రియ ముందు అన్నారో అడిగి, అదే వరసలో రాయండి.