కాల్చిన పండు, చీజు, ఇంటి బ్రెడ్డు: మేనకోడలికి లేఖ

చి.ల.సౌ. మేనకోడలికి,

అనంతపురం నుండి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

గృహప్రవేశం మరునాటి సాయంత్రం మీ కడప ఇంటికి వచ్చే 20 మందికి భోజనానికి ముందు ఇంట్లో చేసిన బ్రెడ్డు ముక్కల మీద కాల్చిన పండు, చీజు పెట్టి ఇవ్వాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. మన జిల్లాల్లో ఇన్ని రకాల పండ్లు పండుతుండగా అతిథులకు కొన్న చిప్స్ పొట్లాలు విప్పి పెట్టడం నాకు ఎన్నడూ నచ్చలేదు.

ముందుగా ఒక్క విషయం మనసులో ఉంచుకో. బ్రెడ్డు, పండు, చీజు అనే ఈ మూడింటికీ కావలసిన వేడి వేరు, పట్టే సమయం వేరు. మూడింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి ఒకేసారి ఓవెన్‌లో పెడితే, పండు కాలేలోపు దాని రసం దిగి బ్రెడ్డు నానిపోతుంది, చీజు నూనె విడిచి గట్టిపడుతుంది. కాబట్టి దేనికది విడిగా కాల్చి, వడ్డించే నిమిషంలోనే కలపాలి.

విందు ఆదివారమైతే పని శుక్రవారం సాయంత్రమే మొదలుపెట్టు. చీజుల్లో ఇంట్లో చేసుకోగలిగేది పనీరు, మొదట అది చెయ్యి. ఒక లీటరు గేదెపాలను పొంగు వచ్చేవరకు కాచి, దించి, ఒక నిమిషం ఆగి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని కొన్ని నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా తిప్పితే పాలు విరిగి, పచ్చని నీరు తేటగా విడిపోతుంది. పలుచని బట్టలో వడకట్టి, మూటగట్టి, బరువైన రాయి కింద రెండు గంటలు ఉంచితే సుమారు 200 గ్రాముల పనీరు వస్తుంది. కూరకైతే అరగంట బరువు చాలు గానీ, పెనం మీద విరగకుండా కాలాలంటే ఇంత గట్టిగా ఉండవలసిందే. ఆ విరిగిన నీటిని పారబోయవద్దు. చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే అదే పిండి కలపడానికి పనికి వస్తుంది, బ్రెడ్డుకు చక్కని రుచినీ రంగునూ ఇస్తుంది.

మైదా 400 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 2 గ్రాములు తీసుకొని, ఆ చల్లని నీటిని 320 మిల్లీలీటర్లు కొలిచి పోసి కలిపి, చివర ఒక పెద్ద చెంచాడు వేరుశనగ నూనె వెయ్యి. చాలామంది ఇంతే పిండికి 5 గ్రాముల ఈస్టు వేసి గోరువెచ్చని నీళ్లతో కలపమంటారు. అది చలిప్రాంతాలకు సరిపోయే లెక్క. మే నెలలో మన వంటింట్లో అలా కలిపితే పిండి గంటలోపే పొంగి, రుచి పట్టకముందే కుంగిపోతుంది. పది పన్నెండు నిమిషాలు బాగా పిసికి, చిన్న ముద్దను వేళ్లతో సాగదీసినప్పుడు తెగకుండా పలుచని పొరలా నిలిచిందో లేదో చూడు. నిలిస్తే అరగంట బయట ఉంచి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలెయ్యి.

శనివారం ఉదయం పిండిని పొడవుగా చుట్టి, దాదాపు రెండింతలు అయ్యేదాకా బయట ఉంచి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 220 డిగ్రీల వద్ద 30 నుండి 35 నిమిషాలు కాల్చు. అడుగున వేలితో తడితే బోలుగా మోగాలి. ఆనాడు దాన్ని కొయ్యవద్దు. వేడి బ్రెడ్డు లోపల ఇంకా తడిగా ఉండి కత్తికి అంటుకుంటుంది, మరునాటికి గట్టిపడి సన్నగా తెగుతుంది. ఆదివారం సెంటీమీటరు మందాన కోసి, ఇనుప పెనం మీద రెండువైపులా లేత ఎరుపు వచ్చేదాకా కాల్చి, పైవైపు కొద్దిగా వెన్న రాయి. ఆ వెన్న పూత పండు రసాన్ని కొంతసేపు లోనికి దిగనివ్వదు.

ఇక పండు. ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. పూర్తిగా మగ్గిన పండు తినడానికి బాగుంటుంది కానీ, పెనం మీద ముద్దైపోతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడికి పీచు ఉండదు, కండ గట్టిది. అప్పుడే రంగు తిరిగిన కాయ తీసుకుంటే ఇంతకంటే మంచి పండు నీకు దొరకదు. పులివెందుల, తాడిపత్రి వైపు పండే అరటిలో, తొడిమ దగ్గర ఇంకా ఆకుపచ్చ ఉన్నవి ఏరుకో. చుక్కలు పడ్డవి వద్దు. కర్బూజ, పుచ్చ నీటిమయం కనుక వాటిని తలపెట్టవద్దు. దానిమ్మ గింజలు కాల్చడానికి కాదు, చివర పైన చల్లడానికి. అనాస మన నేలది కాకపోయినా కాల్చడానికి చాలా అనువైనది. అయితే పచ్చి అనాసలో పాల మాంసకృత్తులను కరిగించే గుణం ఉంది. పనీరు మీద పచ్చిగా పెట్టి ఉంచితే చేదెక్కుతుంది. బాగా కాల్చితే వేడికి ఆ గుణం పోతుంది.

ముక్కలను సెంటీమీటరు మందాన కోసి, శుభ్రమైన బట్టతో తడి ఒత్తి తియ్యి. తడి ఉంటే పండు ఉడుకుతుందే గాని కాలదు. నూనెను పెనానికి కాక ముక్కకే పలుచగా రాయి. నీటి చుక్క వేస్తే చిటపటలాడి ఎగిరిపోయేంతగా పెనం కాగాక ముక్కలు పరచి, రెండు నిమిషాలు కదపకుండా ఉండు. అంటుకున్నదని గరిటెతో గీకవద్దు. కింద ఎర్రని పొర ఏర్పడగానే అదే వదులుతుంది. రెండోవైపు ఒక నిమిషం చాలు. తేనె రాయాలనుకుంటే దించిన తర్వాతే రాయి, ముందు రాస్తే మాడి చేదవుతుంది.

పనీరు కరగదు, కాబట్టి దాన్ని కూడా పలకలుగా కోసి ఇలాగే ఎర్రగా కాల్చుకోవచ్చు. కరిగే రకం చీజైన మోజరెల్లా అయితే తురిమి, పేర్చిన తర్వాత పెనం మీద సన్నని మంటపై మూతపెట్టి ఒక నిమిషం ఉంచితే కరిగి పండును పట్టుకుంటుంది. డబ్బా చీజులో ఉప్పు ఎక్కువ, దానిమీద ఇంకేమీ చల్లవద్దు.

నా మాట వింటే మూడు రకాలు చాలు. మామిడి, పనీరు మీద ఎండుమిరపకారం, వేయించిన జీలకర్ర పొడి. అనాస, మోజరెల్లా మీద మిరియాలు. అరటి, డబ్బా చీజు మీద వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగలు. ఒక బ్రెడ్డుకు దాదాపు 20 ముక్కలు వస్తాయి, వాటిని సగానికి కోస్తే మనిషికి రెండు. కొందరు మూడోది అడుగుతారు కనుక కొలతలు రెట్టింపు చేసి రెండు బ్రెడ్లు కాల్చడం మంచిది. పనీరు మాత్రం ఒక లీటరుకు వచ్చినది సరిపోతుంది, పిండికి తగ్గిన నీటి బదులు ఫ్రిజ్ నీళ్లు కలుపుకో. బ్రెడ్డు, పండు, పనీరు అతిథులు రాకముందే కాల్చి వేరువేరు పళ్లేలలో ఉంచి, వారు కూర్చున్నాక పదేసి చొప్పున పేర్చి పంపు. పెనం దగ్గర నువ్వుండు, పేర్చే పని మీ ఆయనకు అప్పగించు.

ఆశీస్సులతో,
మీ అత్త