పాతింటి వంటింట్లో ఇటుకల పొయ్యి, పొగగూడు: పడగొట్టాలా, బాగుచేయించాలా?

మీరు రాసిందాన్ని బట్టి నాకర్థమైంది ఇదీ: తిరుపతిలో ముత్తాత కట్టించిన మిద్దె ఇల్లు బాగుచేయిస్తున్నారు. వంటింట్లో ఇటుకల పొయ్యిగట్టు, దానిమీద పొగగూడు ఉన్నాయి. మేస్త్రీ వాటిని పగలగొట్టి గ్రానైట్ గట్టు వేద్దామంటున్నాడు. అమ్మగారికేమో వచ్చే సంక్రాంతికి ఆ పొయ్యిమీదే పొంగలి పెట్టాలని ఉంది.

పడగొట్టకండి. కానీ పని మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక్క సంగతి తేల్చుకోండి. అందులో మళ్లీ నిప్పు వెలిగిస్తారా, ఊరికే చూసుకోడానికి ఉంచుకుంటారా? ఈ రెండింటికీ ఖర్చు వేరు, పనివాళ్లు వేరు, వాడే మన్ను కూడా వేరు. చూసుకోడానికే అయితే కడిగి, ఇటుకల సందులు నింపి, గూడు పైన మూత వేయిస్తే పని అయిపోయినట్టే. వెలిగించాలంటే మాత్రం మిద్దెపై నుంచి బూడిద గుంట దాకా అడుగడుగూ చూడాల్సిందే. మేమూ వెలిగించాలనే అనుకున్నాం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మాది చిత్తూరు సంతపేటలో మా అవ్వ ఇల్లు. నడుమెత్తు గట్టు, మూడు పొయ్యిలు, పైన ఏటవాలుగా కట్టిన ఇటుకల కప్పు, అక్కణ్ణుంచి గోడను ఆనుకుని మిద్దెపైకి పోయే గూడు. గ్యాసు వచ్చాక ఆ గట్టు మీద బియ్యం డబ్బాలు, ఊరగాయ జాడీలు చేరాయి. అందరిళ్లలో జరిగిందే.

పని పైనుంచి మొదలుపెట్టండి. పొగగూడు నెత్తిన రావి మొక్క మొలవని పాతిల్లు మన వైపు ఉందేమో చూపించమనండి, చూద్దాం! ఆ మొక్కను చేత్తో పీకితే నాలుగు వరసల ఇటుకలు దాంతోపాటే వస్తాయి. మొదలుకంటా కోసేసి, వేరు చచ్చిందాకా ఆగి, అప్పుడు వదులైన ఇటుకలు ఒక్కొక్కటీ దించి, వేరు లాగేసి మళ్లీ కట్టాలి.

తర్వాత చూడాల్సింది దూలాలు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే, కానీ మేస్త్రీలు ఎక్కువమంది దీని జోలికి పోరు. మన పాత మిద్దెలు చాలావరకు మద్రాస్ టెర్రస్ రకం: టేకు దూలాలు, వాటిమీద ఐమూలగా నిలబెట్టి సున్నంతో పేర్చిన పలచటి ఇటుకలు, ఆపైన దిమ్మిసతో కొట్టిన ఇటుకజల్లి సున్నం. పొగగూడు ఈ కప్పును చీల్చుకుని పైకి పోతుంది. ఆ చోట దూలం కొస గూటి ఇటుకకు ఆనుకుని ఉందా అన్నదే ప్రశ్న. కట్టె ఏళ్ల తరబడి వేడికి మాడుతూ వస్తే, మామూలు కట్టెకన్నా తక్కువ వేడికే అంటుకునే స్థితికి చేరుతుంది. ఇంటి లోపల సాగే ఇటుక చిమ్నీకీ కట్టెకూ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలని అమెరికా ఇళ్ల కోడ్ చెబుతుంది. మా ఇంట్లో అంగుళం కూడా లేదు. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దూలం కొస బొగ్గు పెచ్చులుగా రాలింది. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి, ఆ కొసను వెనక్కి కోయించి, పక్క రెండు దూలాల మధ్య అడ్డదూలం వేయించి దాన్ని మోయించాం. ఈ ఒక్క పనీ మేస్త్రీ మాటమీద చేయకండి. కప్పు బరువుతో ముడిపడిన వ్యవహారం.

ఇక గూటికి పగుళ్లు ఉన్నాయా అన్నది కంటికి కనబడదు. పొయ్యిలో తడి గడ్డి, కాస్త సాంబ్రాణి వేసి రాజేసి, పైన గూటి నోటికి తడి గోనెసంచి కప్పండి. పొగ బయటికి పోలేక గోడల్లో దారి వెతుక్కుంటుంది. ఇంట్లో మనుషుల్ని తలో గదిలో నిలబెట్టి చూడమనండి. కిటికీలు తీసే ఉంచి, పది నిమిషాల్లో ముగించండి. మాకు పక్కగదిలో, గోడ అల్మారా వెనక పలక సందులోంచి సన్నగా పొగ వచ్చింది. ఆ గదిలో పిల్లలు పడుకుంటారు. పొగైతే కనబడుతుంది, వాసనొస్తుంది. దాంతోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. ఆ పగుళ్లు లోపలినుంచి పూడ్చడానికి చెయ్యి పట్టదు కాబట్టి, గూటి పొడవునా 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దించేశాం. మొత్తం పనిలో డబ్బు ఎక్కువ అయింది దీనికే. మీ గూడు మధ్యలో వంకర తిరిగి ఉంటే ఇంకా ఎక్కువవుతుంది.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలే. మసి దులిపేటప్పుడు మంచి మాస్కు కట్టుకోండి, గూట్లో ఉడత గూళ్లు కాకి పుల్లలు బస్తా నిండా వస్తాయి. టైల్స్ వాళ్లు తెచ్చే యాసిడ్‌ను మాత్రం గడప దాటనివ్వొద్దు, అది ఇటుకల మధ్య ఉన్న సున్నాన్ని తినేస్తుంది. గట్టి కుచ్చు బ్రష్షు, వాషింగ్ సోడా నీళ్లు చాలు. ఇటుకల మీద పాత ఎనామిల్ పెయింటు ఉంటే పొడిగా గీకించకండి. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు డబ్బాల్లో ఎంత సీసం ఉందో ఎవరు చూశారు? తడిపి, పెయింట్ రిమూవర్‌తో తీయించండి, పిల్లల్ని అటు రానివ్వకండి.

ఇప్పుడు అసలు గొడవ, సిమెంటు. మీ మేస్త్రీ తప్పకుండా సిమెంటుతో పాయింటింగ్ చేస్తానంటాడు, అంటే ఇటుకల సందులు సిమెంటుతో నింపుతానని. ఒప్పుకోకండి. పాత ఇటుక చేత్తో అచ్చుపోసి బట్టీలో కాల్చింది, మెత్తన. సిమెంటు దానికన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. గోడలోని చెమ్మ సందుల్లోంచి పోలేక ఇటుక మొహంలోంచి పోతుంది. పోతూ పోతూ ఉప్పును అక్కడ వదిలి వెళ్తుంది. ఆ ఉప్పు లోపల గడ్డకట్టి ఇటుకను పెచ్చులుగా ఊడదీస్తుంది. కొన్నేళ్లు గడిచేసరికి సిమెంటు గీతలు నిలిచి, మధ్యలో ఇటుకలు గుంటలు పడతాయి. సందులో ఉండేది ఎప్పుడూ ఇటుకకన్నా మెత్తగానే ఉండాలి. అరిగితే అదే అరగాలి, దాన్ని మళ్లీ నింపుకోవచ్చు.

మా గట్టు సందుల్ని గోటితో గీకితే తెల్లటి సున్నం ఉండలు, మధ్యమధ్య ఎర్రటి ఇటుక పొడి రాలాయి. అదే పాళ్లలో మళ్లీ కలిపాం. నీళ్లలో బాగా నానిన సున్నం ముద్ద ఒక పాలు, మెత్తగా జల్లించిన ఇటుక పొడి ఒక పాలు, ఏటి ఇసుక రెండు పాళ్లు. ఇటుక పొడి రంగు కోసం కాదండోయ్. ఉట్టి సున్నం గాలి తగిలితేనే నెమ్మదిగా గట్టిపడుతుంది, లోపలి దాకా గాలి ఎక్కడ తగులుతుంది? ఇటుక పొడి కలిస్తే తడిలోనూ పట్టు వస్తుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో కలిపితే సున్నం తాపీకి వెన్నలా వస్తుంది. చిత్తూరులో బెల్లానికేం కరువు! పాత సందును సుత్తి, చిన్న ఉలితో ఒక అంగుళం లోతు దాకా తీయాలి. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి. ఇటుకల్ని బాగా తడిపి, సందు నింపి, వారం పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. ఇంట్లోనే రాయి సున్నం చల్లార్చాలనుకుంటే కళ్లద్దాలు పెట్టుకోకుండా దగ్గరికి పోవద్దు, కుతకుత ఉడికి చిందుతుంది.

సున్నం నిలబడదని మేస్త్రీ నవ్వితే వాదించకండి. చంద్రగిరి మీకు పక్కనే. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో, కట్టె అన్నదే వాడకుండా కట్టారు. ఒక పూట తీసుకెళ్లి చూపించండి.

అయితే నిప్పు నేరుగా తగిలే చోట ఈ సున్నం కూడా పనికిరాదు, ఆ వేడికి పొడైపోతుంది. అక్కడ మంట వేడికి తట్టుకునే నిప్పు ఇటుకలు, వాటి మధ్య ఫైర్ క్లే అనే అలాంటి మన్ను వాడాలి, అదీ మూడు మిల్లీమీటర్లు దాటని పల్చటి సందుతో. ఈ పని తెలిసినవాళ్ల కోసం టౌనులో ఎక్కడెక్కడో అడిగాం. చివరికి దొరికింది బెల్లం పొయ్యిలు కట్టే ఒక పెద్దాయన. చిత్తూరు చుట్టుపక్కల చెరకు ఊళ్లలో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు వేడి సంగతి మనకన్నా బాగా తెలుసు. మా బావ సిమెంటు బస్తా చూపిస్తే, “పొయ్యి కట్టేదానికి ఇది ఏల సామీ, కాలితే పగలక ఏం జేస్తాది?” అన్నాడు. నిప్పు ఇటుకలు ఆయనే పేర్చాడు. పైన మాత్రం పుట్టమన్ను, ఆవుపేడ, ఊక కలిపి పులియబెట్టి మెత్తాడు. ఆ మెత్తు ఏడాదికోసారి పగులుతుంది, పండగ ముందు మళ్లీ మెత్తి జాజు పూస్తాం.

పొగ ఇంట్లోకి తన్నడానికి చాలాసార్లు పొయ్యి కారణం కాదు. గూటి నోరు కప్పుమీద కనీసం 3 అడుగులు లేవాలి. 10 అడుగుల లోపల మేడమీద గదో నీళ్ల ట్యాంకో ఉంటే దానికన్నా ఇంకో 2 అడుగులు ఎత్తుండాలి. గూటి లోపలి వైశాల్యం పొయ్యి ముందు నోటి వైశాల్యంలో పదో వంతు ఉండాలన్నది ఫైర్‌ప్లేస్‌లు కట్టేవాళ్ల లెక్క. అంటే 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు నోటికి సుమారు 9 అంగుళాలకు 10 అంగుళాల గూడు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా అదే వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యానో కరెంటు చిమ్నీనో వేస్తే, అది గాలిని గూట్లోంచి కిందికి లాగేస్తుంది, పొగంతా మన మొహానే. కట్టెలు మండేటప్పుడు వాటిని ఆపి, కిటికీ తెరవండి. గ్యాసు సిలిండరును మాత్రం ఆ గదిలోంచి తీసేయండి. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది.

రోజూ వంట అందులోనే చేయాలనుకుంటే వద్దంటాను. కట్టెల పొగ ఊపిరితిత్తులకు ఎంత చెడ్డదో మా అవ్వ దగ్గు విన్నవాళ్లకు తెలుసు. పండగలకూ పబ్బాలకూ చాలు. బాగా ఎండిన తుమ్మ, చింత వాడండి (ఎర్రచందనం వద్దులెండి, అటవీశాఖ వాళ్లు పొంగలికి వస్తారు). పచ్చి కట్టె పొగ గూట్లో జిగట మసిగా పేరుకుంటుంది, ఏదో ఒకరోజు ఆ మసే అంటుకుంటుంది. ఏడాదికోసారి గూడు దులిపించండి.

అమ్మగారి పొంగలి విషయానికొస్తే, వచ్చే సంక్రాంతికి కుదరకపోవచ్చు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, సున్నం పనికి అది కాలం కాదు. ఈలోపు మిద్దెమీద గూటికి రేకు కప్పించి, దూలాలు చూపించుకోండి. సంక్రాంతి దాటాక సందులు నింపి, మన్ను మెత్తడం మొదలుపెడితే ఉగాదికి పొయ్యి తయారవుతుంది. అప్పుడు కూడా మొదటిరోజే పెద్ద మంట వేయకండి. వారంపాటు రోజూ గుప్పెడు పుల్లలతో సన్నటి మంట వేసి లోపలి తడి మెల్లగా ఆరనివ్వాలి. దూలం ఫొటోలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.