బొమ్మలో ఇమిడే పరిశోధన

ప్రశ్న: నేను వైద్యవిద్యలో పీజీ చేస్తున్నాను. మా పరిశోధన వ్యాసానికి జతగా ఒక్క పేజీలో విజువల్ అబ్‌స్ట్రాక్ట్ (వ్యాస సారాంశాన్ని బొమ్మల్లో చూపే పత్రం) తయారు చేయమని మా ప్రొఫెసర్ గారు చెప్పారు. రెండేళ్ల పనిని నాలుగు బొమ్మలకు కుదిస్తే అసలు విషయం వక్రీకరణకు గురవుతుందేమోనని భయంగా ఉంది. అందులో ఏం ఉంచాలి, ఏం వదిలేయాలి?

జవాబు: మీ భయం సమంజసమే, అయినా ఆ పని మానుకోవద్దు. ఈ పద్ధతిని 2016లో 'యానల్స్ ఆఫ్ సర్జరీ' అనే శస్త్రచికిత్స పత్రిక ప్రవేశపెట్టింది. మరుసటి ఏడాది అదే పత్రికలో వచ్చిన అధ్యయనంలో 44 వ్యాసాలను ట్విట్టర్‌లో రెండు విధాలుగా, అంటే ఒకసారి శీర్షికతో మాత్రమే, మరొకసారి బొమ్మతో కలిపి పంచి చూశారు. బొమ్మ ఉన్నప్పుడు రీట్వీట్లు 8 రెట్లకు పైగా పెరిగాయి. వ్యాసాన్ని తెరిచి చూసినవారు మాత్రం సుమారు 2.7 రెట్లే పెరిగారు. బొమ్మ చూసినవారిలో చాలామంది అక్కడే ఆగిపోతారన్నమాట. అందుచేత వ్యాసం చదవనివారిని సైతం తప్పుదోవ పట్టించకుండా దాన్ని గీయడం మీ బాధ్యత.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అంకెల విషయంలో కావాలి. 1995లో బ్రిటన్‌లో కొన్ని రకాల గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందన్న హెచ్చరిక వెలువడగానే ఎందరో స్త్రీలు భయపడి మాత్రలు మానేశారు. అవాంఛిత గర్భాలు, గర్భస్రావాలు పెరిగాయి. నిజానికి ఆ ప్రమాదం 7,000 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరిగింది, అంతే. 'రెట్టింపు' అన్న మాట అబద్ధం కాదు, కానీ ఎంతమందిలో ఎందరికి అన్నది చెప్పకపోవడం వల్ల అది అబద్ధం చేయగల హానే చేసింది. కాబట్టి 'సగానికి తగ్గింది' అని మీ బొమ్మలో రాయవలసి వస్తే, పక్కనే మీరు పోల్చిన రెండు రోగుల బృందాలలోనూ 'వెయ్యి మందిలో ఇంతమంది' అని ఒకే హారంతో చూపండి. మనిషి ఆకారపు గుర్తులను వరుసలుగా పేర్చి కొన్నింటికి రంగు వేసే పద్ధతి ఇందుకు చక్కగా సరిపోతుంది.

మేలుకు ఎంత చోటిచ్చారో దుష్ఫలితాలకూ అంతే చోటివ్వండి. అధ్యయనానికి ముందే నిర్ణయించుకున్న ప్రధాన ఫలితాన్ని పక్కకు నెట్టి, ఆకర్షణీయంగా కనిపించిన ఉపఫలితాన్ని మధ్యలో పెట్టడం నా దృష్టిలో క్షమించరాని తప్పు. పాల్గొన్నవారి సంఖ్య, వారి వయసు, అధ్యయనం ఏ తరహాదన్నది తప్పక ఉండాలి. గణాంక పద్ధతుల వివరాలు వ్యాసంలో ఉంటే చాలు.

తయారయ్యాక మీ బృందంతో సంబంధం లేని ఒకరికి చూపి, ఎవరికి చికిత్స జరిగింది, ఎందరికి మేలు కలిగింది, ఎందరికి హాని కలిగింది అని అడగండి. వారు తప్పుగా చెబితే నోటితో సరిదిద్దకుండా బొమ్మనే మార్చండి. రేపు ఎవరో తమ ఫోన్‌లో చూసేటప్పుడు వివరించడానికి మీరు పక్కన ఉండరు కదా.