అమ్మబోయే కారుకు రెండు లక్షల అప్పా?

ప్రశ్న: నాది 2013 వెర్నా డీజిల్, మాన్యువల్. మియాపూర్‌లో ఉంటాం, ఆఫీసు గచ్చిబౌలిలో. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు నొప్పి పెడుతోంది. క్లచ్ ప్లేట్లూ అరిగిపోయాయి. అమ్మేద్దామని కనుక్కుంటే 2.6 లక్షలు ఇస్తామంటున్నారు. అదే ఆటోమేటిక్ అయితే నాలుగు లక్షలు దాటుతుందట. మా మెకానిక్ దగ్గర యాక్సిడెంట్ అయిన ఆటోమేటిక్ వెర్నా ఉంది. దాని ఇంజిన్, గేర్‌బాక్స్ మొత్తం సెట్టు నా కారుకు ఎక్కించడానికి 2 లక్షలు అడుగుతున్నాడు. బ్యాంకు యాప్‌లో 17 శాతం వడ్డీకి మూడేళ్ల ప్రీ-అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. చేతికొచ్చే జీతం 68 వేలు, ఇంటి ఖర్చు 50 వేలు, ఎఫ్‌డీ 90 వేలు ఉంది. అమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకు బీపీ. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. ఆర్సీలో పాత లోన్ బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది. గేర్‌బాక్స్ మార్పించమంటారా, కారును బ్యాటరీతో నడిచేలా మార్చే ఈవీ కిట్ పెట్టించమంటారా?

జవాబు: రెండూ వద్దండి. ముందు ఆ లోన్ నొక్కకండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కారు కోసం కాదు. వదిలించుకోబోయే వస్తువు మీద అప్పు చేసి డబ్బు పోయడం, అది రేటు రూపంలో తిరిగొస్తుందనుకోవడం చాలామంది చేస్తున్న తప్పు. ఫ్లాట్ అమ్మే ముందు మాడ్యులర్ కిచెన్ వేయించేవాళ్లూ ఇదే లెక్క చెబుతారు. కొనేవాడు మీ ఖర్చుకు డబ్బివ్వడు, తనకు పనికొచ్చేదానికే ఇస్తాడు.

మీ లెక్కే చూద్దాం. 2 లక్షలకు 17 శాతం వడ్డీతో మూడేళ్లకు నెల కిస్తీ దాదాపు 7,130 రూపాయలు. మొత్తం కట్టేది సుమారు 2.57 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ఉంటే జీఎస్టీతో కలిపి ఇంకో 4,720. కారు అమ్మగానే లోన్ క్లోజ్ చేస్తానంటారేమో. ముందుగా తీర్చేస్తే ఎంత బాదుతారో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో, అంటే లోన్ షరతులూ ఛార్జీలూ రాసిచ్చే కాగితంలో, చదివారా? పోనీ, వడ్డీ ఫీజులన్నీ సున్నా అనుకుందాం. 2.6 లక్షల కారును 2 లక్షలు పెట్టి నాలుగు లక్షలకు అమ్మితే మీకు మిగిలేది ఏముంది? నాలుగున్నర పలికినా 10 వేలు నష్టపోయినట్టు కాదా?

పైగా ఆ నాలుగు లక్షలు కంపెనీ నుంచే ఆటోమేటిక్‌గా వచ్చిన బండి రేటు. మీ కారు చూడటానికి వచ్చిన మనిషి బానెట్ ఎత్తి, మొబైల్ టార్చ్ వేసి, ఇంజిన్ మీద కొట్టిన నంబరు ఫొటో తీసుకుని ఆర్సీతో పోలుస్తాడు. అక్కడ తేడా వస్తే బేరం ఆగిపోతుంది, లేదా మీ 2.6 కూడా రాదు. అతను లోన్ మీద కొనాలనుకుంటే బ్యాంకు ఆ బండిని ముట్టుకోదు.

ఇంజిన్ మార్పు ఇంటి వ్యవహారం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చాక 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, ఆర్సీలో ఎక్కించుకోవాలి. అనుమతి లేని మార్పులకు 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ రోజున కష్టం. అసలు ఆ యాక్సిడెంట్ బండి కాగితాలు మీ మెకానిక్ చూపించాడా? టోటల్ లాస్ (ఇక బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చిన బండి) కింద ఎవరు అమ్మారు, బిల్లు ఎవరి పేరున ఉంది? ఇవి తేలకుండా ఇంజిన్ కొనడమంటే, రేపు పోలీసు కేసు బయటపడితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), వైరింగ్, పెడళ్లు, మౌంటింగులు కూడా మార్చాల్సి వస్తుంది కాబట్టి 2 లక్షల దగ్గర ఆగుతుందని నేను నమ్మను.

ఇక నాకు అసలు భయం వేసిన విషయం మీరు చివర్లో తేలిగ్గా రాశారు: ఎఫ్‌డీ 90 వేలు. మీ ఖర్చు నెలకు 50 వేలు, అంటే చేతిలో ఉన్నది రెండు నెలలకు కూడా చాలదు. కిస్తీ కలిస్తే ఖర్చు 57 వేలు దాటుతుంది. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్న మీకు లేఆఫ్ ఎలా వస్తుందో నేను చెప్పాలా? లాగిన్ ఆగిపోయిన రోజే ఆఫీసు హెల్త్ కార్డు పోయే లెక్కే. మీకు కనీసం ఆరు నెలల ఖర్చు, 3 లక్షలు, ముట్టుకోకుండా పక్కన ఉండాలి. నెలకు 18 వేలు మిగలాలి కదా, ఇన్నేళ్లలో 90 వేలే ఎందుకయ్యాయి? ఈ మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి మీ ఇంట్లోవాళ్లతో కూర్చుని చూడండి.

కారును ఉన్నదున్నట్టు అమ్మేయండి. క్లచ్ మార్చడానికి రెండు చోట్ల రేటు అడగండి. కొనేవాడు తగ్గించమనే దానికంటే ఖర్చు తక్కువైతేనే మార్పించండి. పాత లోన్ బ్యాంకు దగ్గర ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపొథికేషన్, అంటే ఆ బ్యాంకు పేరు, తీయించండి. చలాన్లకు డిస్కౌంట్ ప్రకటిస్తారేమోనని ఎదురు చూడకుండా కట్టేయండి. 2028లో బండికి 15 ఏళ్లు నిండుతాయి, ఆపై ఫిట్‌నెస్, రెన్యువల్ తలనొప్పులు. ఆలస్యమయ్యే కొద్దీ బేరంలో మీ చేయి కిందవుతుంది. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, కారుది కాదు, మీది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆ లెటర్ తీసుకుంటే మూడేళ్ల వరకు కొత్త పాలసీకి వాడుకోవచ్చు.

వచ్చిన 2.6 లక్షలు, ఎఫ్‌డీ కలిపితే మూడున్నర లక్షలు. అందులో 3 లక్షలు ఎమర్జెన్సీ ఫండ్, కొంత స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు ముడిపడిన ఎఫ్‌డీ), కొంత లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా డబ్బు తీసుకోగల మ్యూచువల్ ఫండ్). ఆరు నెలలు క్యాబో, కార్ పూలో చూసుకోండి. మియాపూర్ నుంచి రాయదుర్గం మెట్రో అమీర్‌పేట మీదుగా చుట్టు తిరిగినా మోకాలికి మంచిదే. ఈవీ కిట్ ఇంత పాత బండికి అనవసరం. టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. ఆటోమేటిక్ కారు సంగతి ఏడాది తర్వాత, మిగులు డబ్బుతో.

మిగతా 50 వేలలోంచి అమ్మగారికి విడిగా హెల్త్ పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్లు మించకూడదని 2024లో నిబంధన వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలపై జీఎస్టీ కూడా లేదు. ఆ వెయిటింగ్ పీరియడ్ పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది. ప్రపోజల్ ఫారంలో బీపీ ఉందని, వాడుతున్న మాత్రల పేర్లతో సహా రాయండి. ఏజెంటు అవసరం లేదన్నా రాయండి.