ఆ శుక్రవారం ఎవరిది?

ప్రశ్న: మాది హనుమకొండ. మడికొండలోని ఒక ఐటీ సంస్థలో ఉద్యోగం. పొద్దున 5కి లేస్తే పడుకునేసరికి రాత్రి 11 అవుతుంది. పాప బడి డైరీలో సంతకం కూడా మామగారే పెడుతున్నారు. వచ్చే నెల నుంచి వారానికి 4 రోజులే పని, జీతం తగ్గదు అని ఆఫీసులో చెప్పారు. ఆ శుక్రవారం ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు సంపాదించమంటున్నారు మా వారు. ఇక పనిమనిషిని మాన్పించవచ్చంటున్నారు అత్తగారు. నాకు మాత్రం ఒక పూట హాయిగా నిద్రపోవాలని ఉంది. ఇది స్వార్థమా?

జవాబు: కాదమ్మా. రోజుకు 18 గంటలు కాలు నిలవకుండా తిరిగే మనిషి ఒక పూట కన్ను మూస్తానంటే అందులో స్వార్థం ఎక్కడుంది?

ముందు ఆఫీసులో ఒకటి తేల్చుకోండి. రోజుకు 8 గంటలా, 10 గంటలా? 10 అయితే పని తగ్గినట్టు కాదు, 40 గంటలనే 4 రోజుల్లో కుక్కినట్టు. సాయంత్రాలు పాపకు మీరు ఇంకా దూరమవుతారు. 8 అయితేనే నిజమైన తగ్గింపు. జీతం, పీఎఫ్, సెలవులు మారవని రాతపూర్వకంగా తీసుకోండి.

పని తగ్గితే ఉద్యోగం నిలుస్తుందా అన్న భయం మీ వారికి ఉండవచ్చు. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి 2019 వరకు సుమారు 2,500 మందికి జీతం కోయకుండా వారానికి 40 గంటలను 35, 36 గంటలకు తగ్గించి చూశారు. చాలాచోట్ల పని ఏమాత్రం దెబ్బతినలేదు, కొన్నిచోట్ల మెరుగైంది కూడా. సమావేశాలు కుదించారు, అక్కర్లేని పనులు వదిలేశారు. ఇది ఆయనకు చెప్పండి. మరొకటి కూడా చెప్పండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35-40 గంటలు పనిచేసేవారికంటే 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. అది ఉద్యోగపు గంటల లెక్క. మీ వంటింటి గంటలు అందులో లేవు.

బ్రిటన్‌లో 2022లో 61 సంస్థలు 6 నెలలపాటు పని గంటలు తగ్గించి చూశాయి. పిల్లలతో గడిపే సమయం తండ్రులకు 27 శాతం, తల్లులకు 13 శాతం పెరిగింది. ఇంటిపనిని పంచుకోవడంలో మాత్రం మార్పు రాలేదు. ఆ చివరి మాట నన్ను కలుక్కుమనిపించింది, ఎందుకంటే మీ ఇంట్లోనూ అదే జరగబోతోంది. ఆఫీసు వదిలిన రోజును ఇల్లు పట్టుకుపోతుంది.

పనిమనిషిని మాన్పించకండి. ఆమె జీతం పోతుంది, అంట్లు మీ చేతికి వస్తాయి. అత్తగారితో ఈ మాట మీ వారే చెప్పడం మంచిది, కోడలు చెబితే వాదన అవుతుంది. అందుకే ముందు ఆయనతో మాట్లాడండి, అదీ ఇంట్లో కాదు. ఒక సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ, “మొదటి నాలుగు శుక్రవారాలు నావి, పాఠాల సంగతి ఆ తర్వాత చూద్దాం” అనండి. అడుగుతున్నట్టు కాదు, చెబుతున్నట్టు.

మొదటి శుక్రవారం పొద్దున టిఫిన్ డబ్బా ఆయన సర్దుతారు, మీరు నిద్రపోండి. సాయంత్రం బడి గేటు దగ్గర మీరే నిలబడండి. ఆ రాత్రి డైరీ మామగారి దగ్గరకు వెళ్లకముందే అందుకోండి.