ఇంటర్ చదివే అబ్బాయికి స్కూటీ ఇవ్వొచ్చా?

అక్కా, మీ వాడికి పదహారు నిండాయి, ట్యూషన్‌కు స్కూటీ అడుగుతున్నాడు, బాగానే నడుపుతాడు కదా, ఇచ్చేద్దామా అని అడిగారు. నేనైతే వద్దంటాను. వాడికి నడపడం రాదని కాదు. మా సొంత అక్క కొడుకూ బాగానే నడిపేవాడు. కడప ఏడురోడ్ల దగ్గర సాయంత్రం రద్దీలో ఆటోల మధ్య నుంచి దూరిపోయేవాడు. 'మా వాడు ఎనిమిదో తరగతి నుంచే నడుపుతున్నాడు' అని మా బావ పెళ్లిళ్లలో కూడా చెప్పుకునేవాడు.

ఒక ఆదివారం ట్యూషన్ అని చెప్పి, ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని గువ్వలచెరువుకు పాలకోవ తినడానికి పోయాడు. తిరిగొస్తూ ఘాట్ దిగుతుంటే ముందు ఒక లారీ నెమ్మదిగా పోతోంది. వెనక ఇద్దరూ 'దాటెయ్‌రా, ఏం కాదు' అన్నారు. ఒక్కడే ఉంటే దాటేవాడు కాదని ఇప్పటికీ నా నమ్మకం. మలుపులో ఎదురుగా బస్సు కనబడేసరికి మళ్లీ ఎడమకు తిప్పి బ్రేకు గట్టిగా పట్టేశాడు. రోడ్డంచున ఇసుక, బండి మీద ముగ్గురి బరువు. జారి పడ్డారు. ఆ లారీ డ్రైవరే దిగొచ్చి ముగ్గురినీ పక్కకు లాగాడు.

మా వాడికి భుజం దగ్గర ఎముక విరిగింది. వెనక కూర్చున్న పిల్లాడికి మోకాలి చిప్ప పగిలింది. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి బ్యాగులో కోవ పొట్లం నలగకుండా ఉంది. హెల్మెట్ ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. నడిపినవాడికి లైసెన్స్ లేదని బండి రిపేరుకు ఇన్సూరెన్స్ పైసా రాలేదు. అది పోనీ, ఆ పిల్లాడి నాన్న ఈరోజుకీ మా బావతో మాట్లాడడు.

పదహారుకే లైసెన్స్ ఇస్తారు కదా అంటారేమో, అది 50 సీసీ మించని, గేర్లు లేని బండికే. మనం స్కూటీ అని పిలిచేవి ఎక్కువ 110, 125 సీసీవి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చి 199ఎ సెక్షన్ పెట్టారు. మైనరు బండి నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ట్యూషన్‌కు సైకిలో, షేర్ ఆటోనో చూడండి. అలుగుతాడు, ఒక పూట అన్నం మానేస్తాడు, రెండో పూటకు తింటాడు. బండి తాళం మాత్రం టీవీ పక్కన మేకుకు తగిలించొద్దు. మా బావ వాళ్లింట్లో అది అక్కడే ఉండేది.